సైకాలజీ, ఎడ్యుకేషన్ కలిపి చదవడం ఎలా?

హనుమకొండలో బీఎడ్ పరీక్షల ముందు ఏ జిరాక్స్ షాపుకు వెళ్లినా మనోవిజ్ఞానశాస్త్రం నోట్సు పలుచని కట్టగా దొరుకుతుంది. పిల్లల ఆలోచన ఎదిగే తీరుకు పియాజె చెప్పిన నాలుగు దశలు, నేర్చుకోవడంపై థార్న్‌డైక్ మూడు నియమాలు, స్కిన్నర్ ప్రయోగాల్లోని పావురాలు అందులో ఉంటాయి. పరీక్ష గట్టెక్కడానికి అది చాలు. ఆరో తరగతి వెనక బెంచీలో ఏడాదంతా నోరు విప్పని పిల్లవాడి సంగతి మాత్రం అందులో దొరకదు. వాడెందుకు అలా ఉన్నాడో సైకాలజీ వెతుకుతుంది. రేపు రెండో పీరియడ్‌లో వాడితో ఏం చేయించాలో ఎడ్యుకేషన్ అడుగుతుంది. ఈ రెండూ ఒకేసారి బుర్రలో తిరగాలనుకునేవారి కోసం ఈ వ్యాసం.

ముందు దారి చూసుకోండి

మొదటి దారి: తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల విధానం దోస్త్ ద్వారా డిగ్రీలో చేరేటప్పుడే సైకాలజీ ఒక సబ్జెక్టుగా ఉన్న కాంబినేషన్ ఎంచుకొని, తర్వాత బీఎడ్ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాసి రెండేళ్ల బీఎడ్ చేయడం. ఆప్షన్లు ఇచ్చేటప్పుడు కాలేజీ పేరు కన్నా ముందు కాంబినేషన్ చూడండి. సైకాలజీ అన్ని డిగ్రీ కాలేజీల్లోనూ ఉండదు.

రెండో దారి: ఉన్న డిగ్రీతోనే బీఎడ్ ముగించి, పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి పీజీలో సైకాలజీ తీసుకోవడం. ఆ పీజీకి మీ డిగ్రీ పనికొస్తుందో లేదో ఆ ఏటి నోటిఫికేషన్‌లో చూసుకోండి. ఇంటర్ తర్వాత నేరుగా నాలుగేళ్ల సమీకృత బీఎడ్ కూడా వచ్చింది కానీ, దానిలో సైకాలజీ ఉపాధ్యాయ శిక్షణలో భాగంగానే ఉంటుంది.

"బీఎడ్ రెగ్యులర్‌గా చేస్తూ సైకాలజీ దూరవిద్యలో చేస్తాను" అనేవారు ఇప్పటికీ తారసపడుతుంటారు. 2022లో యూజీసీ ఒకేసారి రెండు కోర్సులకు అనుమతి ఇచ్చిన మాట నిజమే. అయితే 2025 జులై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపవద్దని అదే యూజీసీ విశ్వవిద్యాలయాలను ఆదేశించింది. ఎవరైనా ఇంకా సీటు ఇప్పిస్తామంటే డబ్బు కట్టకండి. ఇక రెండూ రెగ్యులర్‌గా చేద్దామంటే హాజరు అడ్డొస్తుంది. బీఎడ్ తరగతులకు 80 శాతం, పాఠశాల ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం ఉండాలన్నది జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) నిబంధన. అందుకే కోర్సులు ఒకదాని తర్వాత ఒకటి పెట్టుకోండి. చదువు మాత్రం కలిపి సాగించండి.

బడిలో చెప్పే సబ్జెక్టు ఒకటి చేతిలో ఉంచుకోండి

మన ఉన్నత పాఠశాలల్లో సైకాలజీ అనే పీరియడ్ లేదు. బీఎడ్‌లో మెథడాలజీ (ఎలా బోధించాలో నేర్చుకునే సబ్జెక్టు) దొరకాలన్నా, ఆ తర్వాత స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు అర్హత రావాలన్నా చరిత్ర, రాజనీతిశాస్త్రం, అర్థశాస్త్రం, తెలుగు, ఇంగ్లిష్ లాంటివి మీ డిగ్రీలో ఉండాలి. మా బ్యాచ్‌లో ఒకమ్మాయికి ఈ సంగతి డిగ్రీ మూడో ఏట తెలిసింది. అప్పటికి మార్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. చేరకముందే టీచర్ పోస్టుల పాత డీఎస్సీ నోటిఫికేషన్ ఒకటి తెచ్చుకొని, అర్హతల పట్టిక చదవండి. అరగంట పని.

ఎడ్‌సెట్‌లో 150 ప్రశ్నలకు టీచింగ్ ఆప్టిట్యూడ్ వాటా 20. ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌లో శిశు వికాసం, బోధనా శాస్త్రం కలిపి 30 మార్కులు. సైకాలజీ చదివినవారికి అక్కడ కాస్త ఊపిరి ఆడుతుంది.

రెండు పేజీల నోటుబుక్కు

పొడవాటి నోటుబుక్కు ఒకటి కొనండి. ఎడమ పేజీలో సైకాలజీ భావన, కుడి పేజీలో అది తరగతిలో కనిపించిన తీరు రాయండి. కుడి పేజీ ఖాళీగా ఉందంటే ఎడమ పేజీ ఇంకా అర్థం కాలేదని లెక్క. మాటలు కూడా జంటగా రాసుకోండి. బీఎడ్ తెలుగు పుస్తకాల్లో "పునర్బలనం" అని ఉన్నది సైకాలజీ తరగతిలో రీఇన్‌ఫోర్స్‌మెంట్‌గా వినిపిస్తుంది. "సామీప్య వికాస మండలం" అంటే వైగోట్‌స్కీ చెప్పిన జోన్ ఆఫ్ ప్రాగ్జిమల్ డెవలప్‌మెంటే, పిల్లలు ఒంటరిగా చేయలేక, ఎవరైనా తోడుంటే చేయగలిగే పనుల పరిధి. ఈ జంటలు తెలియక ఒకే పాఠాన్ని రెండుసార్లు కొత్తగా చదివేవారున్నారు.

ఒక ఉదాహరణ చూడండి. రుణాత్మక పునర్బలనం అంటే శిక్ష అని జిరాక్స్ నోట్సుల్లో తరచూ తప్పు రాస్తారు. ఏడో తరగతి లెక్కల పీరియడ్. ఒక పిల్లవాడు పక్కవాడి పెన్సిల్ లాగి విసిరాడు. సారు "బయటికి పో" అన్నారు. వాడు వేపచెట్టు కింద చల్లగా నిలబడ్డాడు. మర్నాడు భిన్నాల లెక్క మొదలు కాగానే మళ్లీ పెన్సిల్ ఎగిరింది. సారు శిక్షించాననుకున్నారు. వాడికి మాత్రం భిన్నాల బాధ తప్పింది. బాధ తప్పడం వల్ల ఆ పని బలపడితే దాన్నే రుణాత్మక పునర్బలనం అంటారు. ఇంకో తమాషా ఏమిటంటే, వాణ్ణి బయటికి పంపగానే తరగతి సద్దుమణిగింది కాబట్టి పంపే అలవాటు సారుకూ బలపడింది. ఎడమ పేజీకి నిర్వచనం, కుడి పేజీకి వేపచెట్టు. ఇలా రాసుకున్నది పరీక్షలోనూ మరిచిపోరు.

సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధం అనే గణాంక లెక్కలు రెండు కోర్సుల్లోనూ వస్తాయి. మీ సెక్షన్ మార్కుల జాబితా తీసుకొని ఒకసారి చేత్తో వేయండి, చాలు.

పునశ్చరణకు పుస్తకం మూసి, గుర్తున్నది రాయడం అన్నిటికన్నా మేలు. మళ్లీ మళ్లీ చదివినవారికన్నా తమను తాము పరీక్షించుకున్నవారికి వారం తర్వాత ఎక్కువ గుర్తున్నట్టు రోడిగర్, కార్పికి 2006లో చూపించారు. సైకాలజీ విద్యార్థులే ఈ పద్ధతి పాటించకపోవడం విడ్డూరం.

మీ హద్దు తెలుసుకోండి

రెండు సెమిస్టర్లు చదవగానే కనిపించిన పిల్లవాడికల్లా డిస్‌లెక్సియా అంటగట్టాలనిపిస్తుంది. ఆ పని చేయకండి. నిర్ధారణ చేయాల్సింది భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ)లో నమోదైన క్లినికల్ సైకాలజిస్టు లేదా వైద్యుడు. మీరు చేయగలిగింది చూసింది చూసినట్టు రాయడం, తల్లిదండ్రులకు మెల్లగా చెప్పి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి లాంటి చోటికి దారి చూపడం. మానసిక ఇబ్బందిలో ఉన్నవారికి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు ఇవ్వవచ్చు. రికార్డులో పిల్లల అసలు పేర్లు రాయవద్దు.

ఇంటర్న్‌షిప్‌లో ఒక్కరిని పట్టుకోండి

బీఎడ్‌లో మొత్తం 20 వారాలు బడిలో గడుపుతారు. పాఠ్య పథకాలు ఎలాగూ రాయక తప్పదు. వాటితో పాటు ఒక్క పిల్లను ఎంచుకొని రోజూ నాలుగు వరుసలు రాయండి.

నాది మహబూబాబాద్ వైపు ఒక బడి. హైస్కూలు ఆవరణలోనే ప్రాథమిక పాఠశాల ఉండేది. తండా నుంచి వచ్చే రెండో తరగతి పాపతో పియాజె ప్రయోగం చేశాను. రెండు స్టీలు గ్లాసుల్లో నీళ్లు సమానంగా పోసి "సమానమేనా?" అన్నాను. తలూపింది. ఒక గ్లాసు నీళ్లు సన్నటి సీసాలో పోసి "ఇప్పుడు ఎందులో ఎక్కువ?" అన్నాను. సీసా చూపించింది. పాత్ర మారినా నీళ్లు అంతే ఉంటాయనే పదిలపరుచుకునే భావన ఇంకా రాలేదు, పియాజె దశల్లో రెండోదైన పూర్వ ప్రచాలక దశ అని సంతోషంగా రాసుకున్నాను.

మధ్యాహ్న భోజనం వేళ అయిదో తరగతి చదివే ఆమె అన్న వచ్చాడు. అతనితో అదే ప్రశ్న వాళ్ల లంబాడీ భాష గోర్‌బోలీలో అడిగించాను. పాప నవ్వి ఏదో అంది. "అవే నీళ్లు కదా, సారే పోశాడు కదా అంటోంది" అని అన్న చెప్పాడు.

మొదట ఆమె తడబడింది నీళ్ల దగ్గరా, నా తెలుగు దగ్గరా? పైగా "ఎందులో ఎక్కువ" అని అడగడంతోనే ఏదో ఒకటి ఎక్కువ ఉండి తీరాలని నేనే సూచించాను. పెద్దలు అడిగే తీరు, మార్పు చేసే తీరు పిల్లల జవాబును మార్చేస్తాయని ఎడిన్‌బరోలో మార్గరెట్ డొనాల్డ్‌సన్ బృందం 1970ల్లోనే చూపించింది. నాణేల్లాంటి బిళ్లల వరుసను పెద్దమనిషి బదులు అల్లరి ఎలుగుబంటి బొమ్మ చెదరగొడితే బిళ్లలు అన్నే ఉన్నాయని ఎక్కువమంది పిల్లలు సరిగా చెప్పారు. డొనాల్డ్‌సన్ పేరు సైకాలజీ తరగతిలో విన్నదే. బీఎడ్ రికార్డు రాసేటప్పుడు మాత్రం గుర్తుకు రాలేదు.

ఆ సాయంత్రం ఎడమ పేజీలో దశ పేరు కొట్టేసి ప్రశ్నార్థకం పెట్టాను. కుడి పేజీలో ఇలా రాశాను: "సోమవారం: గ్లాసులు పాపకే ఇచ్చి పోయించాలి. ముందు అన్న అడగాలి, తర్వాత నేను."