ఎండాకాలంలో అల్లం బీరు పొంగిపోకుండా: నా అనుభవం

మేం కొందరు స్నేహితులం ఇళ్లలో అల్లం బీరు (అల్లం, పంచదార నీళ్లను ఈస్ట్ అనే సూక్ష్మజీవితో పులియబెట్టి చేసే గ్యాస్ పానీయం) పెట్టుకుని, ఆదివారం సాయంత్రాలు మల్కాజిగిరిలో మా డాబా మీద ఒకరిది ఒకరం రుచి చూస్తాం. మే నెల వచ్చేసరికి మూత తీస్తే చాలు, సగం సీసా నేలపాలయ్యేది. అడుగున ఉన్న మడ్డి పైకి లేచి మిగతాది కూడా పాడయ్యేది.

కారణం ఎండ. సీసాలో మిగిలిన పంచదారను ఈస్ట్ తింటూనే ఉంటుంది. దాంతో కార్బన్ డయాక్సైడ్, కొద్దిగా ఆల్కహాల్ తయారవుతాయి. వేడి పెరిగితే ఈ పని చాలా వేగంగా జరిగిపోతుంది. అందుకే హైదరాబాద్ వేసవిలో సీసాలను ఇన్ని రోజులు బయట ఉంచాలన్న లెక్క పనికిరాదు.

ఇప్పుడు ప్రతిసారీ కొంచెం బీరును పాత కూల్‌డ్రింక్ ప్లాస్టిక్ బాటిల్లో నింపి, మిగతా సీసాల పక్కనే పెడుతున్నాను. వేలితో నొక్కితే లోపలికి పోకుండా రాయిలా ఉందంటే, అన్నీ వెంటనే ఫ్రిజ్‌లోకి. 4 డిగ్రీల దగ్గర ఈస్ట్ పని బాగా మందగిస్తుంది, గ్యాస్ ద్రవంలో ఎక్కువగా కరుగుతుంది, మడ్డి అడుగుకు దిగుతుంది. కనీసం ఒక రాత్రి ఉంచాలి. నన్నడిగితే అసలు కిటుకు ఈ ఓపికే.

గాజువైతే మందపాటి సోడా సీసాలే వాడండి. పల్చటివి ఒత్తిడికి పగిలి గుచ్చుకుంటాయి, చాలా ప్రమాదం.

మొన్న పక్కింటి పిన్నిగారు తాటిబెల్లంతో చేసింది తెచ్చారు. మూత తీస్తే 'టప్'మంది, ఒక్క చుక్క పొర్లలేదు. అల్లం ఘాటు వెనకే బెల్లం వాసన, ఎంత బాగుందో! ఎంతోకొంత ఆల్కహాల్ ఉంటుంది కాబట్టి పిల్లలకు మాత్రం పోయం.