పెచ్చులూడే గోడ రాతలు: మాకు పనికొచ్చిన పద్ధతి

మా ఊరి గ్రంథాలయం గోడ మీద రాసిన పేరు వానాకాలం దాటగానే పెచ్చులుగా ఊడిపోయేది. రంగు మంచిది కాదని అందరూ అనేవారు. ఊడిన పెచ్చు తిప్పి చూస్తే వెనకంతా తెల్లటి సున్నం పొడి. పాత సున్నం మీదే ఎనామిల్ అనే నూనె రంగు పూశారు. అది గోడను కాదు, పొడిని పట్టుకుంది. పైగా ఆ నూనె రంగు కింద చెమ్మ బయటికి పోలేదు.

సున్నమంతా గీకించి, తీగ బ్రష్‌తో రుద్ది, కడిగి, గోడ బాగా ఎండేదాకా ఆగాం. ఆ ఆగడమే అసలు పని. తర్వాత రంగు గోడకు పట్టడానికి ముందుగా వేసే సిమెంట్ ప్రైమర్, దాని మీద బయటి గోడలకు వేసే ఎమల్షన్ (నీళ్లతో కలిపే రంగు) రెండు కోట్లు. అక్షరాలకూ ఎమల్షనే.

రాత మా ఊరి పాత ఆర్టిస్టు గారికే అప్పగించాం. ఫ్లెక్సీలు వచ్చాక ఆయనకు పని తగ్గింది గానీ చెయ్యి తగ్గలేదు. సుద్ద పట్టించిన దారం బిగించి, లాగి వదిలి గీతలు కొట్టారు. ‘శాస్త్ర’ లాంటి మాటలో స కింద త, ర వత్తులు రెండూ రావాలి కదా, అందుకని కింది వరుసకు దాదాపు ఒక అక్షరమంత ఎడం వదిలారు. ఫ్లెక్సీల్లో ఈ వత్తులే ఇరుక్కుపోయి చదవడానికి రావు, చూస్తే బాధేస్తుంది.

మొన్నటి వానలకు ఒక్క పెచ్చూ లేవలేదు. నేల చెమ్మ ఎక్కే గోడ అడుగుభాగంలో మాత్రం ఏమీ రాయించలేదు.