రైన్ లోయకు ఒక రోజు ప్రయాణం: టికెట్ విషయంలో నేను దిద్దుకున్న పొరపాటు

జర్మనీలోని మైన్స్ నగరంలో ఉంటున్న మేము నలుగురం మొదటిసారి రైన్ లోయకు వెళ్లినప్పుడు, చవకగా ఉందని ఒకే రైలుకు కట్టుబడిన టికెట్లు కొన్నాను. రైన్ నదిలో మేము ఎక్కిన ఓడ ప్రవాహానికి ఎదురు నెమ్మదిగా రావడంతో తిరుగు రైలు తప్పిపోయి, మళ్లీ పూర్తి ధర చెల్లించవలసి వచ్చింది. అలసిన పిల్లలతో ఆ సాయంత్రం ప్లాట్‌ఫారంపై నిలబడడం నాకు నిజంగా బాధ కలిగించింది.

రెండవసారి రైన్‌లాండ్-ఫాల్ట్స్ రాష్ట్ర టికెట్ తీసుకున్నాను. అయిదుగురి వరకు ఒకే టికెట్‌పై, రోజంతా ఏ ప్రాంతీయ రైలైనా ఎక్కవచ్చు; అయితే సోమవారం నుండి శుక్రవారం వరకు ఉదయం 9 గంటల తరువాతే చెల్లుతుంది, ఐసీఈ వంటి వేగపు రైళ్లలో చెల్లదు, ప్రయాణికులందరి పేర్లూ దానిపై రాయాలి. ఓడ ఛార్జీ మాత్రం వేరు.

దిశను కూడా మార్చాను. ఓడరేవుకు దగ్గరైన బింగెన్ స్టాట్ స్టేషన్‌లో దిగి (ప్రధాన స్టేషన్ అక్కడికి దూరం), ప్రవాహంతోపాటు జాంక్ట్ గోవార్ వరకు ఓడలో వెళ్లాము. 132 మీటర్ల లోరెలై కొండ దగ్గర నది ఇరుకై మలుపు తిరిగే చోట పిల్లలిద్దరూ రెయిలింగ్ పట్టుకుని మౌనంగా చూశారు. మైన్స్‌కూ కోబ్లెన్స్‌కూ మధ్య రైన్‌పై వంతెన లేదు కనుక, తిరుగు రైలు ఉన్న ఎడమ ఒడ్డునే దిగడం ముఖ్యం; తొందర లేకుండా భోజనం చేసి, వచ్చిన రైలెక్కి ఇల్లు చేరాము.