ఇంటి దగ్గర లెక్కలు – 6వ పాఠం: మైనస్ 33 అడుగుల వెడల్పు

పోయిన పాఠం చివర ఇచ్చిన స్థలం లెక్క ఇంత గొడవ చేస్తుందనుకోలేదు. ఈసారి వర్గ సమీకరణాలు, అంటే తెలియనిదాని వర్గం కూడా ఉండే సమీకరణాలు, మొదలుపెట్టాలి. పెడదాం, కానీ ముందు ఆ స్థలం సంగతి తేలాలి.

లెక్క ఇది. దీర్ఘచతురస్రాకారపు ఇంటి స్థలం. వెడల్పు కంటే పొడవు 33 అడుగులు ఎక్కువ. చుట్టూ ఒక వరస తీగ కట్టడానికి 198 అడుగులు పట్టింది. పొడవెంత, వెడల్పెంత?

నేను x రాయను, వెడల్పుకి 'వె' అని రాస్తాను. ఏది కనుక్కుంటున్నామో కళ్లెదుట ఉంటుంది. పరీక్షలో మీరు x రాసుకోండి.

2(వె + వె + 33) = 198
4వె + 66 = 198
4వె = 132

ఇక్కడిదాకా చాలామంది సరిగ్గానే వచ్చారు. బ్రాకెట్ విప్పేటప్పుడు 33ని 2తో గుణించడం మరిచినవాళ్లకు 41.25 వచ్చింది. వాళ్లు రెండో పాఠం మళ్లీ చూసుకోవాలి, ఇక్కడ చెప్పను. అసలు గొడవ చివరి మెట్టులో. మిగతావాళ్ల జవాబులు మూడు రకాలు: 33, 128, మైనస్ 33.

128 వచ్చినవాళ్లు 4ని అటు పంపి, 132లోంచి తీసేశారు. మైనస్ 33 వచ్చినవాళ్లు భాగించారు గానీ, అటు పంపాం కదా అని 4కి గుర్తు కూడా మార్చేశారు. ఇద్దరినీ ముంచింది ఒకటే మాట: "అటు పంపితే గుర్తు మారుతుంది." ఒడియా మీడియం పిల్లలకీ, మరాఠీ మీడియం పిల్లలకీ, ఇంటి దగ్గర తెలుగులో ట్యూషన్ చెప్పించుకునేవాళ్లకీ ఈ మాట కంఠతా వచ్చు. వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఏ అంకె ఎక్కడికీ వెళ్లదు. సమీకరణం అంటే సమంగా నిలిచిన త్రాసు. ఒక తట్టలోంచి 66 తీస్తే రెండో తట్టలోంచి కూడా 66 తీయాలి:

4వె + 66 − 66 = 198 − 66

ఎడమవైపు రెండు 66లూ కొట్టుకుపోయాయి, కుడివైపు −66 మిగిలింది. మధ్య మెట్టు రాయకుండా చూస్తే 66 గుర్తు మార్చుకుని అటు వెళ్లినట్టు కనిపిస్తుంది, అంతే.

ఇక 4వె = 132. ఇక్కడ 4ని వెకి కలపలేదు, వెని 4తో గుణించాం. నాలుగు వెడల్పులు కలిసి 132 అయితే ఒక వెడల్పు ఎంత? రెండు వైపులా నాలుగో వంతు తీసుకోవాలి. ఇందులో గుర్తుకి పనే లేదు. ఇవి పక్కపక్కన పెట్టి చూడండి:

వె + 4 = 132. రెండు వైపులా 4 తీసేయండి, 128.
వె − 4 = 132. రెండు వైపులా 4 కలపండి, 136.
4వె = 132. రెండు వైపులా 4తో భాగించండి, 33.
వె ÷ 4 = 132. రెండు వైపులా 4తో గుణించండి, 528.
−4వె = 132. రెండు వైపులా −4తో భాగించండి, −33.

128 వచ్చినవాళ్లు మొదటి లెక్క చేశారు, మైనస్ 33 వచ్చినవాళ్లు చివరి లెక్క చేశారు. నేనిచ్చింది మధ్యది.

ఇంకా అనుమానముంటే జవాబుని స్థలం మీద పెట్టి చూడండి. వెడల్పు 128 అయితే పొడవు 161, తీగ 578 అడుగులు కావాలి. మైనస్ 33 అయితే పొడవు సున్నా! పర్లాకిమిడిలో స్థలాలకి ఎంత గిరాకీ ఉన్నా అలాంటిది ఎవరూ కొనరు.

నా అడ్డదారి: 198లో సగం 99, అంటే ఒక పొడవు, ఒక వెడల్పు. ఎక్కువున్న 33 తీసేస్తే 66. దానిలో సగం 33. వె కూడా అక్కర్లేదు. పరీక్షలో ఇంతే రాస్తే మార్కులు పోవచ్చు, సరిచూసుకోవడానికి వాడుకోండి.

వైశాల్యం కూడా కట్టినవాళ్ల మధ్య ఇంకో తగాదా. 33 × 66 = 2,178 చదరపు అడుగులు. మహారాష్ట్రలో సిరొంచ వైపువాళ్లు 2 గుంటలన్నారు, ఒడిశాలో గుణుపురం వైపువాళ్లు ఒకటింపావు గుంట అన్నారు. రెండూ రైటే. మహారాష్ట్రలో ఎకరాకి 40 గుంటలు, ఒడిశాలో 25. అందుకే నేను డిసిమిల్ వదలను. ఎకరాలో నూరో వంతు, అంటే 435.6 చదరపు అడుగులు. మన స్థలం సరిగ్గా 5 డిసిమిళ్లు. సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళ్తే అదే 5 సెంట్లు.

ఇప్పుడు ఈసారి పాఠం. తీగ కొలత చెరిపేయండి. పొడవు 33 అడుగులు ఎక్కువని, వైశాల్యం 2,178 అని మాత్రమే తెలుసు. బడిలో బీజగణితానికి ఒక పుస్తకం, జ్యామితికి ఒక పుస్తకం ఉన్నాయని బొమ్మ మానేయకండి.

వె(వె + 33) = 2178
వె² + 33వె − 2178 = 0
(వె + 66)(వె − 33) = 0

కారణాంకాలు విడగొట్టడం మీకు వచ్చు. కుడివైపు సున్నా ఉంది కాబట్టే రెండు బ్రాకెట్లలో ఏదో ఒకటి సున్నా అనగలిగాం. 2178 అక్కడే ఉంచి ఆ మాట అనకూడదు. వె = 33 లేదా −66.

మళ్లీ మైనస్ వచ్చిందని కంగారొద్దు. −66ని మొదటి వరసలో పెట్టండి: (−66)(−33) = 2178. సరిపోయింది. పోయినసారి మైనస్ 33ని అలా పెడితే 4(−33) + 66 = −66 వస్తుంది, 198 రాదు. కాబట్టి అది తప్పు జవాబు. ఈ −66 మాత్రం సమీకరణానికి సరైన జవాబే, స్థలానికే పనికిరాదు. మనం కొలిచేది స్థలమని సమీకరణానికి తెలియదు కదా. ఊరికే కొట్టేయకుండా "వెడల్పు రుణాత్మకం కాదు కనుక వె = 33" అని ఒక వాక్యం రాయండి.

అభ్యాసం ఒకటే, కానీ గట్టిది. రోడ్డు మలుపులో లంబకోణ త్రిభుజం ఆకారంలో ఒక ముక్క ఉంది. చుట్టుకొలత 132 అడుగులు, కర్ణం 55. మిగతా రెండు భుజాలు కనుక్కుని, వైశాల్యం డిసిమిళ్లలో చెప్పండి. మిగతా రెండు భుజాల మొత్తాన్ని వర్గం చేస్తే దారి దొరుకుతుంది. మేస్త్రీలు మూల సరిచూసే 3, 4, 5 కొలత గుర్తొచ్చి జవాబు ముందే తట్టినా, మెట్లన్నీ రాయాలి. ఈసారి సమీకరణం మూలాలు, అంటే దాని జవాబులు, రెండూ ధనాత్మకమే వస్తాయి. అయినా త్రిభుజం ఒక్కటే ఎందుకైందో కూడా రాయండి. బొమ్మ లేని జవాబు చూడను.