ప్రాంతీయ జీవనశైలి పత్రిక పెట్టడం ఎలా? – నాలుగవ పాఠం: డమ్మీ, ప్రకటనల ధరలు, తొలి సంచిక ప్రచారం

గత పాఠంలో మన పత్రిక ఏ ప్రాంతానిదో, ఎవరి కోసమో ఒక పేజీలో రాసుకున్నాం. ఆ పేజీని దగ్గర పెట్టుకొనే ఈ పాఠం చదవండి. మొదటి సంచికను కొత్తదన్న కుతూహలమే సగం అమ్మిపెడుతుంది. తెలిసిన వ్యాపారులు మొహమాటానికైనా తలా ఒక పేజీ ప్రకటన ఇస్తారు. రెండో సంచిక నాటికి ఆ కుతూహలమూ ఉండదు, మొహమాటమూ ఉండదు. అందువల్ల ఇక్కడ చెప్పే ప్రతి పనినీ రెండో సంచికను దృష్టిలో పెట్టుకొని చేయవలసి ఉంటుంది.

ముందు డమ్మీ, అంటే పత్రిక ఎలా ఉండబోతుందో చూపే నమూనా ప్రతి. ముఖచిత్రం ఒక్కటి గీయించి దానినే డమ్మీ అని చూపించేవారు చాలామంది ఉన్నారు. ప్రకటన ఇచ్చేవారు దానిని చూసి మెచ్చుకుంటారే తప్ప సంతకం చేయరు. ముఖచిత్రం, విషయసూచిక, నిజమైన ఫొటోలతో పూర్తయిన రెండు వ్యాసాలు, ప్రతి సంచికలో వచ్చే శీర్షిక ఒకటి, ప్రకటనలు పడే చోట ఖాళీ పెట్టెలు – ఇవన్నీ అసలు సైజులో, వాడబోయే కాగితంపైనే ముద్రించి చేతికి ఇవ్వాలి. వ్యాపారి పుటలు తిరగేసి, తన ప్రకటన ఏ వ్యాసం పక్కన పడుతుందో వేలు పెట్టి చూపించగలగాలి. ఫొటోల విషయంలో లెక్క కచ్చితంగా ఉండాలి: మంచి ముద్రణకు అంగుళానికి 300 చుక్కలు కావాలి కాబట్టి, 8 అంగుళాల వెడల్పున వేయదలచిన ఫొటోకు అడ్డంగా కనీసం 2,400 పిక్సెళ్లు ఉండాలి. ఫోన్ తెరపై మెరిసిపోయిన బొమ్మ కాగితంపై మసకబారడానికి ఎక్కువసార్లు కారణం ఈ లెక్క చూసుకోకపోవడమే.

పుటల సంఖ్యను తోచినట్టు పెట్టుకునే వీలు లేదు. పెద్ద కాగితానికి రెండువైపులా అచ్చువేసి మడిస్తే 8 పుటలో 16 పుటలో వస్తాయి. అచ్చు పనివారు దానిని ఫారం అంటారు. మధ్యలో పిన్ను కొట్టే పత్రికకు మొత్తం పుటలు 4తో నిశ్శేషంగా భాగించబడాలి. 16 గుణిజాల్లో ఉంటే సాధారణంగా కాగితమూ ఖర్చూ కలిసివస్తాయి. ఈ పాఠం కోసం 16 పుటల ఫారాలు మూడు, అంటే 48 పుటలు, విడిగా దళసరి కాగితంపై అట్ట 4 పుటలు అనుకుందాం. ఒక షీటుపై 48 గళ్లు గీసి, ఏ గడిలో ఏముంటుందో పెన్సిలుతో రాయండి. బేసి సంఖ్య పుటలు కుడివైపు వస్తాయి, ముందుగా కంటబడేవి అవే కాబట్టి వాటికి గిరాకీ ఎక్కువ. అలాగని కుడి పుటలన్నీ ప్రకటనలకే అమ్మేస్తే, మీ మంచి వ్యాసాలన్నీ ఎడమ పక్కన నక్కి ఉంటాయి.

ఇక ధరలు. ఈ పాఠంలో తొందరపడకూడని భాగం ఇదే. ముద్రణ, పంపిణీ, రచయితల పారితోషికం, అద్దె, మీ జీతం (దీనిని చాలామంది లెక్కలో వేయరు) అన్నీ కలిపి ఒక సంచిక ఖర్చును 100 పాళ్లు అనుకోండి. ఏజెంట్ల కమీషను పోగా అమ్మకాలు, చందాల వల్ల 30 పాళ్లు వస్తాయనుకుంటే, మిగిలిన 70 పాళ్లు ప్రకటనల నుంచే రావాలి. నిజాయతీగా అంచనా వేస్తే మీరు 14 పుటల ప్రకటనలు తేగలరనుకుందాం. అంటే పుటకు సగటున 5 పాళ్లు. చివరి అట్టకు ఇంతకంటే ఎక్కువ, లోపలి అట్టలకు దానికంటే కాస్త తక్కువ, లోపలి మామూలు పుటలకు ఇంకా తక్కువ పెట్టి, సగటు 5కు తగ్గకుండా చూసుకోవాలి. తొలి సంచిక కదా అని సగం ధరకే ఇస్తే 35 పాళ్లు లోటు పడుతుంది. అంతకంటే పెద్ద చిక్కు, రెండో సంచికకు వెళ్లినప్పుడు ఆ సగమే మీ అసలు ధర అయి కూర్చుంటుంది. కాబట్టి ధరల పట్టికలో పూర్తి ధరే అచ్చువేయండి. రాయితీ ఇవ్వదలిస్తే మూడు లేక ఆరు సంచికలకు ఒప్పుకున్నవారికే ఇచ్చి, ఎంత తగ్గించారో బిల్లులో విడిగా చూపండి.

ప్రకటన ఇస్తాం, మా గురించి వ్యాసం కూడా వేయండి అని అడిగేవారు తప్పక ఎదురవుతారు. డబ్బు తీసుకొని వేసే ప్రతి పుటపైనా ‘ప్రకటన’ అని కనబడేలా ఉంటుందని ధరల పట్టికలోనే రాసిపెడితే, ముఖాముఖి కాదనవలసిన ఇబ్బంది తప్పుతుంది.

పత్రిక పేరును మీ దేశ నిబంధనల ప్రకారం నమోదు చేయించడంతో పాటు ఐఎస్ఎస్ఎన్ (పత్రికలకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్య) తీసుకోండి. ఇది 8 అంకెల సంఖ్య. చివరి స్థానంలో ఒక్కోసారి ఎక్స్ అక్షరం వస్తుంది. సంచికకు ఒకటి చొప్పున మారదు, పత్రిక పేరుకే చెందుతుంది. దుకాణంలో స్కాన్ చేసే బార్‌కోడ్ 977తో మొదలై ఈ సంఖ్యలోని మొదటి 7 అంకెలను తనలో ఇముడ్చుకుంటుంది. ఐఎస్ఎస్ఎన్ ఉన్నంత మాత్రాన పేరుపై హక్కు దక్కదని గుర్తుంచుకోండి.

ఇప్పుడు ప్రచారం. ఆవిష్కరణ సభకు ఒక సంచిక ఖర్చంతా పెట్టడం నాకు నచ్చని పద్ధతి. వేదికపై కూర్చున్న పెద్దలు ఎవరూ చందా కట్టరు. ఆ డబ్బుతో నిరీక్షణ ఎక్కువగా ఉండే చోట్ల, అంటే వైద్యుల గదుల్లో, క్షౌరశాలల్లో, హోటళ్ల లాబీల్లో ప్రతులు ఉంచితే ఒక్కో ప్రతిని చాలామంది తిరగేస్తారు. ప్రతి ప్రతిలోనూ చందా కార్డు, చెల్లింపుకు క్యూఆర్ కోడ్ ఉండాలి. ఒక్కో చోట ఒక్కో కోడ్ పెడితే ఎక్కడి నుంచి చందాలు వచ్చాయో తేలిపోతుంది. సామాజిక మాధ్యమాల్లో ముఖచిత్రాన్ని పదేపదే పెట్టేకంటే, ఒక వ్యాసంలోని పనికొచ్చే భాగాన్ని విడిగా పెట్టి, మిగతాది సంచికలో ఉందని చెప్పడం మేలు.

దుకాణపు అరలో పత్రికలు ఒకదానిపై ఒకటి పడి ఉంటాయి కాబట్టి ముఖచిత్రంలో తరచూ పై భాగమో ఎడమ అంచో మాత్రమే కనబడుతుంది. పేరు ఆ మేరకే చదవగలిగేలా ఉండాలి. ప్రతుల సంఖ్యలో ఆశపడవద్దు: ప్రతులు పెరిగేకొద్దీ ఒక్కోదాని ఖర్చు తగ్గుతుందని అచ్చుకూటంవారు చెప్పే మాట నిజమే, అయితే 1,000 పంపి 400 అమ్ముడుపోతే మిగిలిన 600 తిరిగివచ్చి మీ గదిలోనే పేరుకుంటాయి. రెండో సంచిక వ్యాసాలు చేతికి అందాకే మొదటిది అచ్చుకు పంపండి.

అభ్యాసం: 48 గళ్ల పట్టిక నింపి, మీ ఖర్చును 100 పాళ్లుగా విడగొట్టి, పుట ధర తేల్చండి. తరువాత ముఖచిత్రాన్ని అసలు సైజులో ముద్రించి, వేరే రెండు పత్రికల కింద సగం దాచి, రెండు మీటర్ల దూరం నుంచి కొత్తవారి చేత పేరు చదివించండి. ఏజెంట్ల ఒప్పందాలు, తిరిగివచ్చే ప్రతుల లెక్కలు వచ్చే పాఠంలో.