బాణం గీశాక "ఎవరిచ్చారు?" అని అడగండి

గాజువాకలో మా మేడ మీద తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. బలాల పాఠం సూత్రంతో మొదలుపెట్టను, బంతితో మొదలుపెడతాను.

టెన్నిస్ బంతిని నిలువుగా పైకి విసరండి. అది ఇంకా పైకి వెళ్తుండగా దాని మీద పనిచేసే బలాలను బాణాలుగా గీయమనండి. గాలి సంగతి వదిలేయమనండి. చాలామంది రెండు గీస్తారు: కిందికి భూమి లాగే బలం, పైకి అంతకన్నా పెద్దది, 'చేతి బలం'. ఆ పై బాణం తప్పే, అయినా వెంటనే కొట్టేయకండి. నేను మొదట్లో కొట్టేసేదాన్ని. పరీక్షలో సరిగ్గానే రాసేవారు, మనసులో మాత్రం పాత బాణమే ఉండిపోయేది. 1992లో అమెరికాలో డేవిడ్ హెస్టెనెస్ బృందం ప్రచురించిన బలాల ప్రశ్నపత్రంలో తప్పు ఆప్షన్లను పిల్లలు నిజంగా నమ్మే మాటలతోనే కూర్చారు. ఆ నమ్మకం బయటికి రావాలి.

ఒక్కటే అడగండి: "ఈ బలం ఎవరిచ్చారు?"

మొన్న ఒకమ్మాయి "నా చెయ్యి, మేడం" అంది.

"చెయ్యి ఇప్పుడెక్కడుందమ్మా?"

అరచెయ్యి తిప్పి చూసుకుంది. కాసేపాగి, "మరి బంతి పైకెలా వెళ్తోంది?" అని తనే అడిగింది. ఆ ప్రశ్న వాళ్ల నోట వచ్చేదాకా ఓపిక పట్టండి.

అప్పుడు క్యారమ్స్ బోర్డు దించండి. పౌడర్ లేకుండా ఒకసారి, చల్లాక ఒకసారి స్ట్రైకర్ కొట్టించండి. వేలు వదిలాక నెట్టేవాళ్లు లేరు, అయినా వెళ్తోంది. ఆపేది ఘర్షణ. కదులుతూ ఉండడానికి బలం అక్కర్లేదు, వేగం మారడానికే కావాలి. న్యూటన్ 1687లో అచ్చు వేయించింది ఇదే. మళ్లీ బంతి దగ్గరికి రండి. బాగా పైన ఒక్క క్షణం వేగం సున్నా, కాబట్టి బలమూ సున్నా అంటారు. 58 గ్రాముల బంతిని అక్కడ కూడా భూమి సుమారు 0.57 న్యూటన్లతో లాగుతూనే ఉంటుంది. లేకపోతే బంతి అక్కడే ఉండిపోవాలి కదా!

"బల్ల పుస్తకాన్ని తోయదు, ఊరికే అడ్డుంది" అనేవాళ్లకు రెండు పుస్తకాల మధ్య ప్లాస్టిక్ స్కేలు వంతెనలా పెట్టి, వేలితో నొక్కించండి. వంగి, వేలిని తిరిగి తోస్తుంది. బల్లా వంగుతుంది, కంటికి ఆననంత.

పోర్టు లారీలు చూస్తూ పెరిగిన పిల్లలు, ఆటోను గుద్దితే లారీ బలమే ఎక్కువంటారు. రెండు స్ప్రింగ్ త్రాసుల కొక్కేలు కలిపి ఇద్దరితో లాగించండి. రీడింగులు ఒకటే. లారీ, ఆటో ఒకదాన్నొకటి తోసే బలాలూ అలాగే సమానం. ఆటో ఎగిరిపడేది దాని ద్రవ్యరాశి తక్కువ కాబట్టి.

పది రోజులాగి, చెప్పాపెట్టకుండా, ఆర్కే బీచ్‌లో సిక్సర్ కొట్టిన బంతి గాల్లో ఉండగా బాణాలు గీయమనండి. 'బ్యాట్ బలం' కనిపిస్తే క్యారమ్స్ బోర్డు మళ్లీ దించండి.