సీడ్ ఫ్రేజ్‌ను భద్రపరచుకొనే విధానం

క్రిప్టో వాలెట్‌ను (క్రిప్టో కరెన్సీని దాచుకొనే, పంపుకొనే యాప్‌ను) మొదటిసారి తెరిచినప్పుడు తెరపై కనిపించే 12 లేదా 24 ఇంగ్లిషు పదాలనే సీడ్ ఫ్రేజ్ అంటారు; మీ సొమ్ముకు అసలు తాళంచెవి అవే. ఫోన్ పోయినా వాటితో మరో ఫోన్‌లో వాలెట్‌ను తిరిగి పొందవచ్చు, కానీ అవి పరుల చేతిలో పడితే మీ ఫోన్ మీ జేబులో ఉండగానే సొమ్మంతా తరలిపోతుంది. అందువల్ల వాటిని స్క్రీన్‌షాట్ తీయకుండా, వాట్సాప్‌లో దాచుకోకుండా, వరుస తప్పకుండా కాగితంపై రాసి రెండు వేర్వేరు చోట్ల భద్రపరచాలి. సహాయం చేస్తామంటూ టెలిగ్రామ్‌లో పలకరించి ఈ పదాలు అడిగేవారు, ఎంత మర్యాదగా మాట్లాడినా, మోసగాళ్లే.

ముందుగా కొద్ది మొత్తం వేసి, యాప్‌ను తొలగించి, రాసుకున్న పదాలతో వాలెట్‌ను తిరిగి తెరిచి చూడండి. బద్ధకించి చాలామంది వదిలేసే పని ఇదే.

సొమ్ము పంపేటప్పుడు గ్రహీత వాలెట్ చిరునామాలోని (ఖాతా నంబరు లాంటి పొడవాటి అక్షరాల, అంకెల వరుసలోని) మొదటి, చివరి అక్షరాలు సరిపోలితే చాలదు. వాటిని పోలిన చిరునామా నుంచి చిల్లర మొత్తం పంపి మీ లావాదేవీల జాబితాలో చొరబడే మోసం ఒకటి ఉంది కనుక, పాత జాబితా నుంచి కాపీ చేయకుండా గ్రహీతనే అడిగి తీసుకొని, చిరునామా మొత్తాన్ని పోల్చుకోవాలి. సొమ్ము వెళ్లే బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్ గ్రహీత చెప్పినదేనా అని కూడా సరిచూసుకోవాలి.

భారతదేశంలో ఉన్నవారు మోసపోయినట్లు తెలిసిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేసి, లావాదేవీ హ్యాష్‌ను (ఆ లావాదేవీకి ఉండే ప్రత్యేక గుర్తింపు కోడ్‌ను) ఫిర్యాదులో చేర్చాలి.